అట్టముక్క మీది మీటలు

ముఖ్య అతిథి పెద్దసారు బొంగ్లూరు గేటు దాటారని, శిక్షణ కేంద్రం చూసుకునే అవినాష్ మైకులో చెప్పినప్పుడల్లా హాల్లో కుర్చీలు ఒకసారి కదులుతాయి, ఎవరూ రాకపోయేసరికి మళ్లీ సద్దుమణుగుతాయి. ముందు వరసలో కూర్చున్న మనోజ మాత్రం కదలడం లేదు. ఎటు చూసినా ఎదురుగా తనే ఉంది. వేదిక వెనక గోడ నిండా కట్టిన ఫ్లెక్సీలో, మనిషి ఎత్తుకు మించి, నీలం కోటు తొడుక్కుని, పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ. కింద ఎర్రటి అక్షరాల్లో ‘మనోజ, సీఎన్‌సీ ఆపరేటర్, మన శిక్షణ కేంద్రం గర్వకారణం’ అని. నవ్వమ్మా, ఉద్యోగమొచ్చిన మనిషిలాగా నవ్వమ్మా అని కంపెనీ గేటు ముందు ఆ ఫొటోగ్రాఫర్ ఎంతసేపు సతాయించాడో. హెల్మెట్ గేటు కాడి సెక్యూరిటీ అతనిది. లోపలి పట్టీకి ఆయన తలనూనె వాసన. ఫొటో అయిపోగానే చెయ్యి చాపి తీసుకున్నాడు, పాపం, ఆయన డ్యూటీ ఆయనది. కోటు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఒంటి మీద తనదన్నది ఏదైనా ఉందంటే ఆ మొఖం ఒక్కటే, దాన్ని కూడా అడగకుండానే తీసుకున్నారు.

ఇది పెళ్లిళ్ల హాలు. సాగర్ రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి. నిన్నటి పెళ్లి తాలూకు ప్లాస్టిక్ పూలు స్తంభాలకు ఇంకా వేలాడుతున్నాయి, కుర్చీలకు తొడిగిన తెల్లబట్టల మీద పసుపు మరకలు పోలేదు. వెనక ఎక్కడో బిర్యానీ దమ్ము మీద ఉంది. ఆ వాసన కోసమే సగం మంది లేచిపోకుండా కూర్చున్నారని అవినాష్‌కు తెలుసు, అందుకే వంట వెనకనే పెట్టించాడు. తెలివైనవాడు. చెడ్డవాడా అంటే అదీ చెప్పలేకపోతోంది మనోజ, అదే ఆమెకు ఇంకా కోపం. చెడ్డవాడైతే తిట్టి పోయేది. బడంగ్‌పేట్‌లో స్థిరపడిన కోస్తా వాళ్ల అబ్బాయి, ఎవరినీ ఏకవచనంతో పిలవడు, అమ్మా అంటాడు, మేడమ్ అంటాడు, పైనుంచి టార్గెట్ అమ్మా మేమేం చెయ్యగలం అంటాడు. పొద్దున ఇదే హాలు మెట్ల మీద కూడా అట్లాగే మెత్తగా చెప్పాడు. “రెండు నిమిషాలే అండి. శిక్షణ బాగుంది, మిషను మీద పని నేర్చుకున్నాను, ఉద్యోగం వచ్చింది అనండి చాలు. సోమవారం నుంచి మీరు మా కో-ఆర్డినేటర్. ఊళ్లకు వెళ్లి అమ్మాయిలకు చెప్పి తీసుకురావడమే మీ పని. మీ మాటైతే నమ్ముతారమ్మా.” నమ్ముతారట. ఇన్ని నేర్పి, ఇన్ని దిక్కుల తిప్పి, ఆఖరికి వీళ్ల దగ్గర ఆమెకు దొరికిన కొలువు ఇంకొకరిని తెచ్చి అదే గుంతలో దింపే కొలువు.

ఇది మొదటి శిక్షణ కూడా కాదు. డిగ్రీ లెక్కలతో పాసై ఇంట్లో కూర్చున్నప్పుడు కంప్యూటర్ శిక్షణ అన్నారు. ఆ కేంద్రంలో కరెంటు ఉన్న రోజు కంప్యూటర్లు లెక్కకు చాలేవి కావు, చాలిన రోజు కరెంటు ఉండేది కాదు. ఆ తర్వాత దుకాణాల్లో అమ్మకాలకు శిక్షణ. చేతులు జోడించి, కొద్దిగా వంగి, ఇంగ్లీషులో స్వాగతం చెప్పడం పొద్దంతా చెప్పించారు. అది నేర్చుకుని మాల్‌కు పోతే బిల్లింగ్ మిషన్ నడిపేవాళ్లు కావాలన్నారు, వంగేవాళ్లు చాలామంది ఉన్నారన్నారు. లెక్కలు చదివిన మనిషి వంగడంలో సర్టిఫికెట్ పట్టుకుని ఆ మాల్ మెట్లు దిగిన రోజు సిగ్గుపడింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గు రావడం లేదు. ఎందుకు సిగ్గుపడాలి? నేర్చుకోనని ఎప్పుడన్నా అన్నదా? ఏది నేర్పుతామంటే దానికి పోయి ముందు వరసలోనే కూర్చుంది గదా, ఇప్పుడు కూర్చున్నట్టే. పిల్లలకు స్కిల్స్ లేవు, స్కిల్స్ లేవు అని టీవీలో టై కట్టుకున్నవాళ్లు ఎంత బాధపడతారో! ఆ బాధ చూస్తే టీవీ మీదికి చెంబు విసరాలనిపిస్తుంది.

మైకులో మళ్లీ బొంగ్లూరు గేటు. ఇంత పొడుగు గేటా అది, దాటినా దాటినా అయిపోవడం లేదు.

మూడోది ఈ మిషను శిక్షణ. ఇనుప దిమ్మను బిగిస్తే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కుకుంటూ పోయే మిషను, ఆదిబట్ల వైపు కంపెనీలన్నీ దాన్ని నడిపేవాళ్ల కోసమే వెతుకుతున్నాయని అవినాష్ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. నిజంగానే వెతుకుతున్నాయి. మొదటి రోజు వాళ్లను ఒక గదిలోకి తీసుకుపోతే గోడకు ఆ మిషను ఫొటో ఉంది, ఎంత పెద్దగా ఉందంటే మనోజ దగ్గరికి పోయి ముట్టుకుంది కూడా, కాగితం. అసలుది దారిలో ఉందన్నారు. ఏ దారిలో ఉందో, అదీ బొంగ్లూరు గేటు కాడ ఆగిందేమో, శిక్షణ అయిపోయినా రాలేదు. దాని బదులు మీటలున్న పలకను కాగితం మీద అచ్చేసి, అట్టముక్కకు అతికించి, ఒక్కొక్కరి ముందు ఒక్కోటి పెట్టారు. ఆకుపచ్చది నొక్కండి అంటే అందరూ అట్ట మీద ఆకుపచ్చ బొమ్మను నొక్కాలి. ఎర్రది నొక్కండి అంటే ఎర్రది. ఏదీ కదిలేది కాదు, ఏదీ ఆగేది కాదు. నేర్పిన అబ్బాయి అంతకుముందు బ్యాచ్‌లో అదే అట్టను నొక్కి పాసైనవాడు. ఒకరోజు ఆమె అడిగింది, సార్, తప్పు మీట నొక్కితే ఏమైతది అని. ఆ అబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. ఏం కాదక్కా అన్నాడు. గది గదంతా నవ్వింది, మనోజ కూడా నవ్వింది. వేలి ఒత్తిడికి ఆమె అట్ట మీద ఆకుపచ్చ రంగు చెరిగి తెల్లబడింది. అంత శ్రద్ధగా నొక్కింది. అంత నమ్మకంగా నొక్కింది.

వేదిక మీద పక్కకు వేసిన కుర్చీలో దివాకర్ సార్ కూర్చున్నాడు, పరిశ్రమ తరఫున వచ్చిన అతిథి. మెడలో అప్పుడే ఎవరో వేసిన శాలువాను మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఫ్లెక్సీ వైపు ఒకసారి చూశాడు, తర్వాత మనోజ వైపు చూశాడు, ఆ తర్వాత ఎటూ చూడకుండా ఫోనులో తల పెట్టాడు. ఈయనకంతా తెలుసు. గేటు ముందు ఆమెకు ఫొటో తీసిన ఆ కంపెనీలో మిషన్ల షెడ్డు ఈయన కిందనే. ఉద్యోగానికి పోయిన రోజు ఈయనే ఒక ఇనుప రింగు, కొలిచే పరికరం ఆమె ముందు పెట్టి ఎంతుందో చెప్పమన్నాడు. పరికరం పేరు వెర్నియర్ అని ఆమెకు తెలుసు, దాని భాగాల పేర్లన్నీ తెలుసు, పరీక్షలో బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకుంది. చేతిలోకి తీసుకోవడం మాత్రం అదే మొదలు. చల్లగా, బరువుగా ఉంది. దాని దవడల మధ్య రింగును పెట్టి గట్టిగా నొక్కింది. “ఏందమ్మా, గొంతు పిసికినట్టు పిసుకుతున్నవ్? ముట్టీముట్టనట్టు పట్టాలె,” అన్నాడు. ముట్టీముట్టనట్టు అంటే ఎంతో ఏ పుస్తకంలో ఉంది? ఆమె చెప్పిన కొలత తప్పు. మళ్లీ చెప్పింది, మళ్లీ తప్పు. అప్పుడాయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు, ఆమెను తిట్టడానికి కాదు. “ఈ ముక్క విమానానికి పోతది. వెంట్రుకంత తేడా వస్తె చెత్తల పడేస్తం. మిషిన్ల చెయ్యి పడితె చెయ్యే పోతది. మీ సెంటర్ నుంచి వచ్చినోళ్లందరికి ఫస్ట్ క్లాసే. ఒక్కనికి కూడా ముక్క పట్టుకొనుడు రాదు. అటు చూడు, రెండు మిషిన్లకు బట్ట కప్పి పెట్టిన. నడిపెటోళ్లు లేక.” అద్దం అవతల నిజంగానే రెండు మిషన్లు ముసుగు తన్ని పడుకున్నట్టున్నాయి. పని ఉంది. పనిచెయ్యాలన్న మనిషి ఉంది. మధ్యలో అద్దం.

తిప్పి పంపుతాడనుకుంది. కాంట్రాక్టరు కింద ప్యాకింగ్‌లో వేశాడు. వేరేవాళ్లు చెక్కిన ముక్కలకు బుడగల కవరు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వెయ్యాలి. మళ్లీ అట్టనే! ఆ పెట్టెలు మడుస్తూ అద్దంలోంచి చూసేది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లు మిషను తలుపు తీసి ముక్కను బిగించడం, తడిచెయ్యి తుడుచుకోవడం, శబ్దం మారగానే తల తిప్పడం. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. వాళ్లు ఎక్కడో చిన్న వర్క్‌షాపుల్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిని నేర్చుకున్నారు. అట్లాంటి చోటు తనకు ఒక్కటి, ఒక్కటి చూపించి ఉంటే, దెబ్బలు తిననని అన్నదా తను? ఆ శబ్దం ఎందుకు మారుతుందో తెలుసుకోవాలని ఉండేది. అద్దం దగ్గరికి పోతే కాంట్రాక్టరు మనిషి కేకేసేవాడు.

బాపు ఆ కంపెనీ గురించి చెప్పుకునే తీరు వేరు. ఆమె తండ్రి ముత్యాలు బడంగ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. ఆ మీదుగా శంషాబాద్‌కు దిగే విమానం పోయినప్పుడల్లా, గేటు కాడ ఎవరుంటే వాళ్లకు వేలు పెట్టి చూపిస్తాడు, దాంట్ల మా బిడ్డ చేసిన సామాను ఉంటది సార్ అని. బాపూ, నేను చెయ్యలే, చుట్టిన అని ఆమె ఒకసారి చెప్పింది. “చుట్టకుంటె అది ఆడిదాక ఎట్ల పోతది?” అన్నాడు. అది మాటవరసకే అన్నాడని, రాత్రి పడుకున్నాక ఆయనకూ నిజం తెలుసని, అయినా తెల్లారి మళ్లీ వేలు ఎత్తుతాడని ఆమెకు తెలుసు. ఆ ఎత్తిన వేలును చూసినప్పుడు వచ్చినంత కోపం ఆమెకు ఇంకెప్పుడూ రాలేదు. బాపు మీద కాదు. ఎవరి మీదో వెతుక్కోవాలి, అదే నరకం. కాంట్రాక్టు అయిపోయి ఇంటికి పంపేశాక కూడా ఆయన ఆ వేలు దించలేదు. సోమవారం కొత్త కొలువు అని చెబితే, పెద్దసారు ముంగట నాలుగు మంచి మాటలు చెప్పు బిడ్డ, నోరు జారకు అన్నాడు. ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అన్న సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

చెప్పను. ఆ నాలుగు మంచి మాటలు నోట రావు. మైకు చేతికి రాగానే చెబుతుంది, అట్టముక్క గురించి, హెల్మెట్ గురించి, ముసుగేసిన మిషన్ల గురించి. సార్, మీ వెనక ఉన్న బొమ్మ నాదే, కింద ఉన్న రాత నాది కాదు. ఇట్లా మొదలుపెట్టాలి. మాటలు ఒక్కొక్కటీ పేర్చుకుంది, తీసింది, మళ్లీ పేర్చుకుంది.

బయట సైరన్ మోగింది. అందరూ లేచారు. పెద్దసారు వచ్చాడు, చెప్పులు విడిచాడు, దీపం వెలిగించాడు, ఎవరో అందించిన పూలగుత్తి ఇంకెవరికో అందించాడు, ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. మనోజను రమ్మన్నారు. ఆమె పోయి పక్కన నిలబడితే, బొమ్మలోని మనోజ ఇద్దరి తలల మీదుగా నవ్వుతుంటే, ఫొటోలు తీశారు. వెరీ గుడ్, కీపిటప్ అన్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకో ప్రోగ్రాం ఉందని పక్కనున్నవాళ్లు చెవిలో చెప్పారు. ఆమె మైకు వైపు చూసేసరికి దాని వైరు అప్పటికే చుడుతున్నారు. కార్ల తలుపులు ధడేల్ ధడేల్‌మని మూసుకున్నాయి. అంతే. కూడబెట్టుకున్న కోపమంతా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఉమ్మేందుకు చోటు కూడా ఇవ్వలేదు.

అవినాష్ నుదురు తుడుచుకుంటూ వచ్చాడు. “టైం లేదమ్మా సార్‌కి. ఏం పర్లేదు, ఫొటో బాగా వచ్చింది. సోమవారం వచ్చేయండి.” అబద్ధం చెప్పాల్సిన పని తప్పిపోయింది. నిజం చెప్పాల్సిన పని కూడా తప్పిపోయింది. ఊరికే నోరు మూసుకుని బిర్యానీ తిని ఇంటికి పోతే చాలు, కొలువు వచ్చినట్టే. ఎంత సులువు! అందరూ ఇట్లాగే నోరు మూసుకున్నారు కాబోలు, ఇంతే సులువుగా, ఒక్క అబద్ధమైనా ఆడకుండా.

హాలు వెనక టేబుల్ మీద వేలిముద్రల మిషను పెట్టారు. కొత్త బ్యాచ్ అమ్మాయిలు వేలు పెట్టి, శిక్షణలో చేరినట్టు లెక్కకెక్కి, భోజనానికి పోవాలి. లైను చివర ఉన్న ఒక పిల్ల మనోజను చూసి ఇటు నడిచి వచ్చింది. మహేశ్వరం దగ్గరి పిల్ల, వైశాలి, పొద్దున కుర్చీలు సర్దుకునేటప్పుడు పేరు చెప్పింది. ఇంటర్ అయిపోయిందట. కళ్లు ఫ్లెక్సీ మీద, మనోజ మీద మార్చి మార్చి పెడుతోంది.

“అక్కా, మిషిన్ మస్తు పెద్దగ ఉంటదా? ఫస్టు నడిపినప్పుడు భయం కాలేదా నీకు?”

“నేను నడపలే.”

“అంటే?”

“అంటే నడపలే. ముట్టుకోలే కూడా. ఈడ మిషిన్ లేదు. అట్టముక్క మీద మీటలు అతికిచ్చి నొక్కుమంటరు. కంపెనీకి పోతె నాకు పెట్టెలు చుట్టే పని ఇచ్చిండ్రు, అది గూడ అయిపోయింది. ఇప్పుడు నాకు ఏ పని లేదు. నీ అసొంటి పిల్లలను తీస్కరానికి సోమవారం నుంచి రమ్మంటున్నరు.”

గొంతు తనదేనా అనిపించేంత పెద్దగా వచ్చింది. మైకు లేకపోయినా లైనంతా వెనక్కి తిరిగింది. వైశాలి మొఖం ఎర్రబడింది. ముందు మనోజ మీదే కోపం వచ్చింది ఆ పిల్లకు. “మరి గా ఫొటో ఎందుకు దిగినవక్కా?” అంది. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అట్లా అడిగినందుకు మనోజకు ఆ పిల్ల మీద కాస్త ఇష్టం కలిగింది. వైశాలి అక్కడ నిలబడలేదు. నేరుగా టేబుల్ కాడికి పోయి అవినాష్ ముందు నిలబడింది.

“సార్, మిషిన్ చూపియ్యుండ్రి. చూసినంక ఏలు పెడత.”

“వస్తుందమ్మా, దారిలో ఉంది. ముందు మీరు...”

“వచ్చినంకనే పిలువుండ్రి.”

అవినాష్ మొఖంలో మెత్తదనం మొదటిసారి చెదిరింది. “మనోజగారూ, ఏంటండి ఇది? అన్నం పెట్టే చోట ఇలాగేనా?” అని, సాయం కోసం వేదిక వైపు తిరిగాడు. “దివాకర్‌గారూ, మీరైనా చెప్పండి. పరిశ్రమలకు మనవాళ్లు ఎంత అవసరమో మీరే చెప్పండి.”

దివాకర్ లేచాడు. శాలువాను కుర్చీలోనే పెట్టాడు. ఆయన ఏదో సర్దిచెబుతాడని మనోజ పళ్లు బిగించింది. “అవ్, అవసరమే,” అన్నాడాయన. “అందుకే ఆ పిల్ల అడిగింది చూపియ్యి. నా కాడికి అట్టలు నొక్కినోళ్లను ఇంక పంపకు. తిప్పి పంపి పంపి నా పానం ఇసిగింది.” అని మెట్లు దిగి బయటికి పోయాడు. లైను రెండుగా చీలింది. కొందరు వైశాలి వెంట పక్కకు జరిగారు. కొందరు తలొంచుకుని వేలు పెట్టారు, బస్సు పాసు వస్తుంది కదా, మధ్యాహ్నం అన్నం ఉంటుంది కదా.

మనోజ కూడా బయటికి నడిచింది. ఎండ మొఖాన కొట్టింది. సోమవారం కొలువు పోయింది, బాపుకు ఏం చెప్పాలో తెలియదు, అయినా గుండెలో మంట తగ్గలేదు, ఇంకా పెరిగింది. అవినాష్‌ను అంత మాట అన్నాడు గదా ఈ దివాకర్ సారు, మరి తనేం చేశాడు? దివాకర్ అప్పటికే బైకు స్టార్ట్ చేశాడు. ఆమె పోయి ముందు చక్రానికి అడ్డం నిలబడింది.

“సార్, వాళ్లకు నేర్పుడు రాదు. మీకేమో నేర్చినోళ్లే కావాలె. మరి నేర్పెటోళ్లు ఎవలు?”

“కంపెనీ నాకు నేర్పే టైం ఇయ్యదమ్మా. నెలకిన్ని ముక్కలు అని లెక్క. నా చేతుల ఏముంది?”

“ఆయన గూడ గిదే అన్నడు సార్. పైనుంచి టార్గెట్ అన్నడు. అందరి చేతుల ఏం లేకపాయె. మరి మీ మిషిన్ల మీది బట్ట ఎవలు తియ్యాలె? నా చేతులు నేనేం చేసుకోవాలె?”

దివాకర్ ఆమెను పక్కకు జరగమనబోయి మానుకున్నాడు. సాగర్ రోడ్డు మీద దేవరకొండ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన తాళం తిప్పి బండి ఆపాడు. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టాడు. చెమట పట్టిన మొఖం, తనకూ ఎవరి మీదో కోపమున్న మనిషి మొఖం.

“ఆదివారం షెడ్డు బంద్ ఉంటది,” అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా. “ఆనాడు మిషిన్ మీద నేర్పనిస్తడేమో మేనేజర్‌ను అడిగి చూస్త. ఒప్పుకుంటడో లేదో. మాటైతే ఇయ్యను.”

“మాట నాకొద్దు సార్,” అంది మనోజ. చక్రం ముందు నుంచి ఆమె ఇంకా జరగలేదు. “మస్తు మాటలు ఇచ్చిండ్రు నాకు. మిషిన్ ముంగట నిలబెట్టుండ్రి.”